కుర్చీలో ఉల్లిపాయ

నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్నకు మా భవనంలో స్పష్టమైన జవాబు దొరికింది. మనిషి మనిషిని ఊరికే నమ్మడం ఆటవిక దశ. ఊరికే అనుమానించడం దాని తర్వాతి దశ. పద్ధతిగా, నియమావళి ప్రకారం, మర్యాద తప్పకుండా అనుమానించడమే నాగరికత. ఈ మూడో దశలోకి మేము నిరుడు ప్రవేశించాం.

ప్రవేశానికి కారణం ఒక ఇటుక. మా భవన సంఘం కార్యదర్శిగారు ఫోనులో ఒక అమ్మకాల యాప్ చూసి, ఎవరో వాడిన మైక్రోవేవ్ ఒవెన్ కొన్నారు. డబ్బు ముందే పంపేశారు. పెట్టె వచ్చింది, బరువూ సరిపోయింది, విప్పితే లోపల ఇటుకలున్నాయి. (మంచి ఇటుకలే. వాటిలో ఒకటి ఇప్పటికీ వాళ్ల పడగ్గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. ఒవెన్ అయితే ఈపాటికి పాడైపోయి ఉండేదని ఆయన వాదన.) ఆ వారమే సర్వసభ్య సమావేశం జరిగింది. ఇకమీదట భవనంలో ఎవరు ఆన్‌లైన్లో పాత సామాను కొనాలన్నా, అమ్మాలన్నా అనుమాన విభాగం సలహా తీసుకోవాలని తీర్మానించారు.

అనుమానాధికారిగా మా పై అంతస్తులో ఉండే కళ్లద్దాల షాపాయన్ని ఎన్నుకున్నారు. ఆయన అప్పటికి కొత్తగా వచ్చి చేరాడు, ఒంటరి మనిషి. పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారని ఎవరో అడిగితే, "అది వ్యక్తిగత సమాచారం కదండీ" అన్నాడట. పదవి ఇస్తామన్నప్పుడు కూడా, కార్యదర్శిగారు కార్యదర్శే అనడానికి రుజువు ఏదైనా ఉంటే చూపించమన్నాడు. కార్యదర్శిగారు ఇల్లంతా వెతికారు. దొరకలేదు. దాంతో ఎన్నిక ఏకగ్రీవమైంది.

ఆయన రాసిన నియమావళి లిఫ్టులో అద్దం పక్కన అతికించి ఉంది. పైకి వెళ్తూ సగం, కిందికి వస్తూ సగం చదువుకోవచ్చు. వస్తువు చూడకుండా డబ్బు పంపరాదు. కలుసుకుంటే నలుగురు తిరిగే చోట, కెమెరా ఉన్నచోట కలుసుకోవాలి. మొదటిసారి మనుషులే కలవాలి, వస్తువును వెంట తేరాదు. ధర తక్కువగా ఉంటే అనుమానించాలి. ధర ఎక్కువగా ఉంటే, తక్కువైతే అనుమానిస్తామని తెలిసినవాడు కాబట్టి ఇంకాస్త అనుమానించాలి. ధర సరిగ్గా ఉంటే వాడు మనల్ని చాలా రోజులుగా గమనిస్తున్నాడని అర్థం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, ఏదైనా అవసరం పడినా ఇరుగుపొరుగుకు చెప్పరాదు. అవసరం తెలిస్తేనే గాలం పడుతుంది. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాలతో: మనసు కరిగిన మరుక్షణం బేరం ఆపవలెను.

చివరి నియమం నాకు బాగా నచ్చింది. నా మనసు ఎప్పుడు కరుగుతుందో, ఎందుకు కరుగుతుందో నాకు పుట్టినప్పటినుంచీ అంతు చిక్కలేదు. ఇన్నాళ్లకు దాన్ని ప్రమాద సూచికగా వాడుకోవచ్చని ఒకరు చెప్పారు.

ఇలా ఉండగా మా మామగారు స్నానాలగదిలో జారిపడి కాలి ఎముక విరగ్గొట్టుకున్నారు.

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా నిలబడే చేసిన మనిషి. పిండికట్టు విప్పేదాకా కాలు నేల మీద మోపొద్దని డాక్టరు చెప్పినప్పుడు, ఆయన తన గురించి కాక ఇంకెవరి గురించో చెబుతున్నట్టు విన్నారు. ఇంటికొచ్చాక ఒకటే కోరిక కోరారు. మా వీధికి అవతలి వైపు ఒక బార్బరు షాపుంది. వారానికి రెండుసార్లు అక్కడ గడ్డం గీయించుకోవడం ఆయన అలవాటు. అక్కడికి వెళ్లాలన్నారు.

"షాపతన్నే ఇంటికి పిలుద్దాం నాన్నా" అంది మా ఆవిడ.

"అతనొచ్చి గీస్తే నేను రోగిని. నేను వెళ్లి కూర్చుంటే గిరాకీని" అన్నారు మామగారు. "నేను గిరాకీనమ్మా."

చక్రాల కుర్చీ కొత్తది కొందామని నేనన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. చిల్లర లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు.

"కొత్తది కొన్నారంటే నేనిక ఇంతేనని మీరు నిర్ణయించుకున్నట్టు అల్లుడుగారూ. పాతది చూడండి. పాతదంటే ఎవరో కొన్నాళ్లు వాడి, లేచి నడిచి, ఇక అక్కర్లేదని అమ్మేసిందన్నమాట. అలాంటి దాంట్లో కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది."

పాత కుర్చీ అమ్మకానికి రావడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చన్న ఆలోచన ఆయనకు రాలేదు. నాకు వచ్చింది, కానీ చెప్పలేదు.

యాప్‌లో వెతికాను. ఆ యాప్ మన భద్రత కోసం మన పేర్లు దాచి, తనే పేర్లు పెడుతుంది. నాకు ఎర్ర తాబేలు అని పెట్టింది. నీలి పావురం అనే ఆయన ఒక ప్రకటన ఇచ్చాడు: "చక్రాల కుర్చీ. మంచి స్థితిలో ఉంది. ఎడమ చక్రం కుడివైపు తిరిగేటప్పుడు కూస్తుంది, నూనె వేసినా ఆగలేదు. త్వరగా తీసుకెళ్లగలరు." ధర చూస్తే ఉండాల్సిన దానికంటే తక్కువ. మాకూ ఆయనకూ మధ్య దూరం ఎంతని చూస్తే సున్నా కిలోమీటర్లని వచ్చింది. దూరం సున్నా అని చూపించడం దొంగ చిరునామాలు పెట్టేవాళ్ల పని అని నియమావళిలో ఉంది కాబట్టి, అక్కడే నాలో ఒక గంట మోగింది.

ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. చాలాసేపు జవాబు రాలేదు. అవతల ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. చివరికి వచ్చింది: "మా అమ్మది. అమ్మ పోయింది. తాళం తీసి ఇంట్లోకి రాగానే మొదట అదే కనిపిస్తోంది. అందుకని."

నా మనసు కరిగింది. వెంటనే బేరం ఆపాను.

మర్నాడు నియమావళిని మరోసారి చదివి (కిందికి వెళ్లేటప్పటి సగం), బేరాన్ని తిరిగి మొదలుపెట్టడానికి ఒక మార్గం కనుక్కున్నాను. వస్తువు నిజంగా ఆ మనిషి దగ్గరే ఉందని తేలాలంటే, ఎక్కడా దొరకని ఫోటో ఒకటి అడగాలట. కుర్చీలో ఒక ఉల్లిపాయ పెట్టి ఫోటో తీసి పంపమన్నాను.

ఫోటో వచ్చింది. సీటు సరిగ్గా మధ్యలో, వీపు ఆనించుకోకుండా, ఒక పెద్ద ఉల్లిపాయ కూర్చుని ఉంది. దానికి ఎలాంటి లోటూ లేనట్టుంది.

మామగారికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఈయనేనా దీని ఓనరు?" అన్నారు.

"కాదు మామయ్యగారూ. రుజువు కోసం పెట్టమన్నాను."

"ఉల్లిపాయకి దొరికింది. నాకు దొరకలేదు." గడ్డం నిమురుకున్నారు. అప్పటికే అది చేతికి అందేంత ఉంది. "అల్లుడుగారూ, నేను పాతికేళ్ల పైన బస్సులో మనుషుల్ని చూశాను. టికెట్టు కొననివాడు కిటికీలోంచి బయటకి చూస్తాడు, కొన్నవాడు లోపలికి చూస్తాడు. నా ముఖమ్మీద అబద్ధం చెప్పి దిగిపోయినవాడు లేడు. ఆ మనిషిని ఒకసారి నా ముందుకి తీసుకురండి. ఉల్లిపాయలెందుకు?"

ముఖం చూసి మనిషిని అంచనా వేయడం మొదటి దశకు చెందిన పద్ధతి. ఆయన నొచ్చుకోకుండా ఆ మాట దాటేసి, సాయంత్రం అనుమానాధికారి దగ్గరికి వెళ్లాను.

తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచి చూసి, నేను నేనేనని తేల్చుకుని లోపలికి రానిచ్చాడు. చిన్న హాలు. ఒక బల్ల, దాని మీద చదరంగంలా అమర్చిన కళ్లజోళ్ల ఫ్రేములు. తలుపు పక్కనే దుప్పటి కప్పిన సామానేదో ఉంది. దాని మీద ఒక ఉల్లిపాయ. (ఒంటరి మగవాళ్ల ఇళ్లల్లో కూరగాయలకు ఒక చోటంటూ ఉండదు.) కూర్చోవడానికి ఒకటే కుర్చీ ఉండటం వల్ల, నేను ఆ సామానుకు చేరబడి నిలబడ్డాను. అది కొంచెం కదిలి, కీచుమంది.

"ఏం కొంటున్నారో చెప్పొద్దు" అన్నాడాయన టీ అందిస్తూ. "ఎవరికోసమో అసలే చెప్పొద్దు. కథ చెప్పొద్దు. లక్షణాలు అడుగుతాను, అవును, కాదు, అంతే."

"కథ వింటే ఇంకాస్త తెలుస్తుందేమో కదండీ?"

"కథ వింటే నేనూ మెత్తబడతానండీ. నా సంగతి నాకు తెలుసు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ధర తక్కువా?"

"అవును."

"తొందరపెడుతున్నాడా?"

"ఒకరకంగా అవును."

"తన సామాను లోపం తనే చెప్పాడా?"

"చెప్పాడండీ. అది మంచి లక్షణమే కదా?"

"అతి మంచి లక్షణం. అదే చూడండి మరి." తల ఊపాడు. "వాళ్లింట్లో ఎవరైనా పోయారని చెప్పాడా?"

"మీకెలా తెలుసు?"

"ఎప్పుడూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారండీ. ఇలాంటివాళ్లకి అదొక పెట్టుబడి. చావుని చూపించి సామాను అమ్ముకోవడానికి మనసెలా ఒప్పుతుందో." కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "మోసగాడు. అనుమానమే లేదు."

ఆ విభాగంలో అనుమానం లేదన్న మాట వినడం నాకదే మొదటిసారి. థాంక్స్ చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, తనకూ ఒక తలనొప్పి ఉందన్నాడు. తనూ ఒక సామాను అమ్ముతున్నాడు. కొనే మనిషి వాలకం బాగాలేదు.

"బేరమాడటం లేదండీ. కొనేవాడు బేరమాడకుండా ఉంటాడా? ప్రతి మాటకీ 'దయచేసి' అంటాడు. వస్తువు గురించి తక్కువ, నా గురించి ఎక్కువ అడుగుతున్నాడు. నేనేదో అన్నానంతే, ఒక రోజంతా మాయమైపోయాడు. మళ్లీ వచ్చి అడగకూడనివి అడిగాడు."

"మోసగాడే" అన్నాను నేను. పరాయి మనిషి విషయంలో మన తీర్పు ఎంత తేలిగ్గా నడుస్తుందో. ఆ క్షణంలో మా ఇద్దరి మధ్యా ఒక వెచ్చదనం ఏర్పడింది. ఒకే శత్రువు ఉన్నవాళ్ల మధ్య ఏర్పడేలాంటిది. అంతకుముందు మేం మెట్ల మీద తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకుంది లేదు.

మోసగాడని తేలాక మరి వదిలెయ్యొచ్చు. వదల్లేకపోయాను. ఇంట్లో మామగారి గడ్డం పెరుగుతోంది. ఆయన రోజూ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, కింద బార్బరు షాపులోకి వెళ్లేవాళ్లని పేరుపేరునా తిడుతున్నారు. షాపతను ఒకసారి కిటికీ వైపు చూసి, కత్తెర పట్టుకునే చేతులు జోడించాడట. "నన్ను గుర్తుపట్టలేదమ్మాయ్. ఎవరో సాధువనుకుని దణ్ణం పెట్టాడు" అన్నారు కూతురితో.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఏమండీ, ఆ పావురమో ఏదో, ఆయన్ని నేరుగా వెళ్లి కలవండి. మోసమైతే మోసం. ఇంతమంది జాగ్రత్తపడుతుంటే మోసం చేసేవాళ్లు మాత్రం ఎక్కడ మిగిలుంటారు?"

అది నాకు తట్టని కోణం.

పోలీసు స్టేషన్ ఎదుట బెంచీ దగ్గర కలుద్దామని నీలి పావురానికి రాశాను. అక్కడ నలుగురూ తిరుగుతారు, కెమెరా ఉంది, అవసరమైతే అరెస్టు కూడా దగ్గరే. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. (ఒప్పుకోవడంలో అంత తొందరేమిటని కాసేపు ఆలోచించాను.) ఒంటరిగా వెళ్లరాదని నియమం కాబట్టి, తోడు రమ్మని అడగడానికి పై అంతస్తుకు బయల్దేరాను. మెట్ల మధ్యలో అనుమానాధికారి ఎదురొచ్చాడు.

"మీ దగ్గరికే వస్తున్నానండీ. నా సామాను కొంటానన్నవాడు కలుద్దామంటున్నాడు. ఒక్కణ్ణే వెళ్లడం మంచిది కాదు" అన్నాడు.

"మావాడు కూడా ఈ సాయంత్రమే రమ్మన్నాడు."

"మనల్ని విడదీయడానికి చూస్తున్నారు" అన్నాడాయన.

స్టేషన్ దగ్గరేనని ఇద్దరం ఒకేసారి చెప్పుకున్నాం. మోసగాళ్లందరూ ఈమధ్య ధైర్యంగా అక్కడే కలుస్తున్నారని ఆయన అభిప్రాయపడ్డాడు. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు కాపలా ఉండాలన్న ఒప్పందంతో కలిసి నడిచాం.

బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. గేటు దగ్గర కానిస్టేబులు వచ్చి ఏం పనన్నాడు.

"ఒక మోసగాడి కోసం చూస్తున్నామండీ" అన్నాను.

"ఇద్దరు" అన్నాడు అనుమానాధికారి. "చెరొకడు."

"మోసపోయారా?"

"ఇంకా లేదండీ."

"అయితే పోయాక రండి" అని కానిస్టేబులు లోపలికి వెళ్లిపోయాడు.

చాలాసేపు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లెవరూ మోసగాళ్లలా లేరు, అంటే లెక్కప్రకారం అందరూ అనుమానించదగ్గవాళ్లే. నేను ఫోను తీసి రాశాను: "వచ్చాను. బెంచీ మీద ఉన్నాను."

నా పక్కన ఫోను టింగుమంది. అనుమానాధికారి తీసి చదివాడు. బెంచీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. తర్వాత నావైపు వంగి, గుసగుసగా అన్నాడు.

"చూశారా అబద్ధం? బెంచీ మీదే ఉన్నానంటున్నాడు. బెంచీ మీద మనిద్దరమే ఉన్నాం."

నేను ఫోను చూసుకున్నాను. దూరం సున్నా కిలోమీటర్లు. ఆయన ముఖం చూశాను. ఎదురుగా ఉన్న కెమెరాను చూశాను. అది మమ్మల్నిద్దర్నీ చూస్తోంది.

"మీ ఇంట్లో ఆ సామాను మీద ఉల్లిపాయ ఒకటుందే" అన్నాను.

"ఉందండీ. వండలేదు. మళ్లీ ఫోటో అడుగుతాడేమోనని అలాగే..." ఆయన మాట మధ్యలో ఆగింది. చేతిలో ఫోను వెలుగు ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఎర్ర తాబేలు" అన్నాడు చివరికి. నిందలా కాదు, పరిచయంలానూ కాదు.

ఇక్కడ నేను ఒక సంగతి నమోదు చేయాలి. నాకు సంతోషం కలగలేదు. నేనన్నాళ్లూ ఒక మోసగాణ్ణి చాలా ఓపిగ్గా తయారు చేసుకున్నాను. అతనికి సన్నటి మీసం పెట్టాను, చీకటి గది ఇచ్చాను, నాలాంటివాళ్ల మీద ఒక నవ్వు కూడా ఇచ్చాను. అతను ఉన్నంతకాలం నేను తెలివైనవాణ్ణి. ఇప్పుడు అతని చోట కళ్లజోడు తుడుచుకునే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతనితో పాటు నా తెలివి కూడా లేచి వెళ్లిపోయింది. పక్కాయన కూడా తన లోపల ఎవరినో సాగనంపుతున్నట్టే ఉన్నాడు.

"మా అమ్మ నిజంగానే పోయిందండీ" అన్నాడు.

"తెలుసండీ."

"ఎలా తెలుసు?"

రుజువు కోసం ఫోను తిరగేస్తే ఉల్లిపాయ ఒక్కటే ఉంది. ఆయన తల ఊపాడు. ప్రశ్న న్యాయమైనదే.

"లక్షణాలన్నీ సరిపోయాయి కదా" అన్నాడు మళ్లీ. "నేనే తేల్చాను. అందులో తప్పెక్కడుందో వెతుకుతున్నాను. దొరకడం లేదు."

తిరిగి నడుస్తూ ఆయన కుర్చీ ఊరికే తీసుకెళ్లమన్నాడు. ఊరికే ఇస్తానన్నది ముట్టుకోరాదని ఆయన నియమావళిలోనే ఉంది కనక, ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకుని, మొదట చెప్పిన ధరకే స్థిరపడ్డాం. దుప్పటి తీసి ఆయనే మడిచాడు. మడతలు సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ మడిచాడు. ఉల్లిపాయను వంటింట్లో పెట్టి వచ్చాడు. కుర్చీ లిఫ్టులో ఒక్క అంతస్తు దిగింది. నియమావళిలో పావు వంతు చదివేసరికి మా ఇల్లు వచ్చింది.

మామగారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. గడ్డం రొమ్ము మీద పరుచుకుని ఉంది. కుర్చీని ముందు చూశారు, తర్వాత దాన్ని తోసుకొచ్చిన మనిషిని, ప్రయాణికుణ్ణి చూసినట్టు కింద నుంచి పైదాకా చూశారు. ఆయన ఏం అడగబోతున్నారో నాకు తెలుసు. పాత కుర్చీల గురించి ఆయన నమ్మకం దారిలో పక్కాయనకు చెప్పాల్సింది, చెప్పలేదు.

"బాబూ, ఇది ఎవరిది?"

"మా అమ్మదండీ, బాబాయిగారూ."

"ఆవిడకేమైంది?"

"తుంటి ఎముక."

"మరి ఇప్పుడు?" మామగారి చెయ్యి దుప్పటి అంచును పట్టుకుని ఉంది. "లేచి తిరుగుతోందా?"

అనుమానాధికారి నావైపు చూడలేదు. వంగి, ఎడమ చక్రానికి అంటిన దుమ్మును వేలితో తుడిచాడు. లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"తిరుగుతోందండీ" అన్నాడు. "పొద్దునా సాయంత్రం. వద్దన్నా వినదు. నిన్న కూడా గొడవపడ్డాను. అంత వేగంగా నడవొద్దమ్మా అని."

"వినరు. ఒకసారి లేచాక ఎవరి మాటా వినరు" అన్నారు మామగారు చాలా తృప్తిగా. "చూశావా అమ్మాయ్, నేను చెప్పలా? నా ముఖమ్మీద అబద్ధం చెప్పలేరు. ఈయన మంచివాడు."

ఫోటో అడగలేదు. ఏ రుజువూ అడగలేదు. అనుమానాధికారే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టి, తనే తోసుకుంటూ బయల్దేరాడు. లిఫ్టు వైపు మలుపు తిరిగేటప్పుడు ఎడమ చక్రం కూసింది. ఇద్దరూ ఒకేసారి దానివైపు వంగి చూశారు.

ఈ ఏడాది మా భవనంలో జరిగిన ఏకైక మోసం అదే. బాధితుడు ఆ సాయంత్రమే వీధి దాటి వెళ్లి గడ్డం గీయించుకున్నాడు. ఫిర్యాదేదీ ఇంతవరకు అందలేదు.